లైఫ్‌టైమ్ లైసెన్స్ షరతులు బిల్లు మీదే రాయాలి

సంపాదకులకు నమస్కారం.

పండగ సీజన్ వస్తే చాలు, ఫోన్ తెరవగానే 'ఒక్కసారి కట్టండి, జీవితాంతం వాడుకోండి' అంటూ సాఫ్ట్‌వేర్ ప్రకటనలు వరసపెట్టి వస్తుంటాయి. నెలనెలా చందాలు కట్టి విసిగిపోయి ఉంటాం కాబట్టి చెయ్యి టక్కున అటే పోతుంది. నాది తెనాలిలో చిన్న ఫొటో స్టూడియో. మా లైన్లో ఇలాంటిది ఏదో ఒకటి కొననివాళ్లు తక్కువ. తీరా కొన్నాక చేతిలో ఏం మిగులుతోందో నలుగురికీ తెలియాలని రాస్తున్నాను.

సాఫ్ట్‌వేర్ మన సిస్టమ్‌లో ఉన్నంత మాత్రాన అది మన చేతిలో ఉన్నట్టు కాదు. ఇన్‌స్టాల్ చేయగానే అది కంపెనీ సర్వర్‌ని అడుగుతుంది, వీళ్లు డబ్బు కట్టినవాళ్లేనా అని. సర్వర్ ఊ అంటేనే తెరుచుకుంటుంది. దీన్నే యాక్టివేషన్ అంటారు. చాలావాటిలో మదర్‌బోర్డు, హార్డ్ డిస్క్ నంబర్ల లాంటివి కలిపి సిస్టమ్‌కి ఒక గుర్తు తయారుచేసి లైసెన్స్‌ని దానికి ముడిపెడతారు. పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేయడానికి నేను కొన్నది (పేరు అనవసరం) అలాంటిదే. పోయిన ముహూర్తాల్లో మదర్‌బోర్డు కాలిపోయి కొత్తది వేయిస్తే, అదే డిస్కు, అదే కీ, అయినా 'యాక్టివేషన్ పరిమితి దాటింది' అని ఎర్రక్షరాలు. ఫోన్ చేస్తే ఆ అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది, "మీ వెర్షన్‌కి సపోర్ట్ ఆపేశాం సార్, కొత్తదానికి ఏడాది ప్లాన్ ఉంది" అని. బిల్లు మీద లైఫ్‌టైమ్ అని ఉంది కదమ్మా అంటే టర్మ్స్ చూసుకోండి సార్ అంది. అవతల పెళ్లివారు ఆల్బమ్ ఎప్పుడిస్తారని ఒకటే ఫోన్లు, ఆ టెన్షన్‌లో టర్మ్స్ ఎవరు చదువుతారు!

చిన్న కంపెనీలే ఇలా చేస్తాయనుకోవద్దు. ఫొటోషాప్ తయారుచేసే అడోబీ వాళ్లు 2005 నాటి క్రియేటివ్ సూట్ 2 (ఫొటోషాప్ లాంటివి కలిపి అమ్మిన ప్యాకేజీ) యాక్టివేషన్ సర్వర్లను మూసేశారు. అయితే కొన్నవాళ్లు ఇరుక్కోకుండా 2013 మొదట్లో యాక్టివేషన్ అక్కర్లేని కాపీని సీరియల్ నంబర్లతో సహా వెబ్‌సైట్‌లో పెట్టారు (ఊరికే పంచుతున్నారనుకుని జనం ఎగబడ్డారు, అది వేరే సంగతి). నన్నడిగితే పద్ధతంటే అదీ. కానీ అదే ఏడాది మే నెలలో, ఇకమీదట కొత్త వెర్షన్లన్నీ చందా మీదేనని వాళ్లే ప్రకటించారు. అందుకే 2012లో వచ్చిన సీఎస్6 (క్రియేటివ్ సూట్ 6) ఉన్న పాత సిస్టమ్‌ని ఫార్మాట్ కొట్టడానికి కూడా భయపడేవాళ్లు మా దగ్గర ఇంకా ఉన్నారు.

కంపెనీ చేతులు మారితే ఇంకో తంటా. వీపీఎన్ (ఇంటర్నెట్ వాడకాన్ని గోప్యంగా ఉంచే సర్వీస్) అమ్మే వీపీఎన్ సెక్యూర్ అనే సంస్థను కొన్న కొత్త యజమానులు 2025లో లైఫ్‌టైమ్ కస్టమర్ల ఖాతాలన్నీ రద్దు చేశారు. ఇలాంటి ప్లాన్లు అమ్మిన సంగతి కొనేటప్పుడు తమకు తెలియదన్నారు! నిజం చెప్పాలంటే వీపీఎన్, క్లౌడ్ స్టోరేజ్ లాంటివాటికి లైఫ్‌టైమ్ అనడమే లెక్కకు అందని మాట, ఎందుకంటే సర్వర్లకు ఖర్చు ప్రతి నెలా ఉంటుంది, మన దగ్గర తీసుకున్నది ఒక్కసారే. కొత్తవాళ్లు చేరినంతకాలం బండి నడుస్తుంది, ఆ తర్వాత కోత పడేది మనకే. 2005 చివర్లో మొదలైన లైఫ్‌టైమ్ సిమ్‌లు గుర్తున్నాయా? ఎయిర్‌టెల్‌ది 999 రూపాయలు. 2018 చివరికల్లా నెలకు కనీసం 35 రూపాయల రీఛార్జ్ చేయించకపోతే ఇన్‌కమింగ్ కూడా కట్ అనే స్థితికొచ్చాం.

అందరినీ ఒకే గాటన కట్టడం లేదు. కంపెనీ జీవితాంతం ఉచితంగా కొత్త వెర్షన్లు ఇవ్వాలని ఎవరూ అడగరు. ట్యాలీ వాడే అకౌంటెంట్లకు తెలుసు, లైసెన్స్ శాశ్వతమే, కొత్త రిలీజ్‌లు కావాలంటే మాత్రం టీఎస్‌ఎస్ అనే వాళ్ల అప్‌డేట్ల సర్వీస్‌కి రెన్యువల్ కట్టుకోవాలి. ఆ సంగతి ముందే చెబుతారు. ఒకేసారి డబ్బు కట్టి కొన్న ఆఫీస్ 2019కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14న సపోర్ట్ ఆపేసింది, సెక్యూరిటీ అప్‌డేట్లు రావు, అయినా ప్రోగ్రామ్ తెరుచుకుంటుంది. ఇదీ ముందే ప్రకటించిన తేదీయే. కొన్న వెర్షన్ కొన్నట్టు పనిచేస్తే నాకూ చాలు. దాన్ని కూడా తాళం వేసి చందా కట్టమంటేనే ఒళ్లు మండుతుంది.

అమెరికాలోని కాలిఫోర్నియాలో 2025 జనవరి నుంచి ఒక చట్టం అమల్లోకి వచ్చింది. డిజిటల్ సరుకును 'కొనండి' అని అమ్మాలంటే, ఇస్తున్నది లైసెన్స్ మాత్రమేనని కొనేవాళ్లకు స్పష్టంగా చెప్పాలి. మన దగ్గరా తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద చర్య తీసుకునే వీలు 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఉంది. కేంద్ర ప్రభుత్వం ఇంకొంచెం ముందుకెళ్లి, లైఫ్‌టైమ్ అని అమ్మే ప్రతి బిల్లు మీదా యాక్టివేషన్ సర్వర్ కనీసం ఎన్నేళ్లు నడుపుతారో, సిస్టమ్ మారితే ఎన్నిసార్లు మళ్లీ యాక్టివేట్ చేస్తారో రాయించాలి. సర్వర్ మూసేస్తే యాక్టివేషన్ అక్కర్లేని కాపీ ఇవ్వాలి, కంపెనీని ఎవరు కొన్నా ఆ మాటకు కట్టుబడాలి.

ఈలోగా కొనేవాళ్లు ప్రకటన స్క్రీన్‌షాట్, బిల్లు దాచిపెట్టుకోండి. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు చేసేటప్పుడు అవే అక్కరకొస్తాయి. నేను నా బిల్లుతో ఫిర్యాదు పెట్టాను, జవాబు కోసం చూస్తున్నాను.

- ఒక ఫొటో స్టూడియో యజమాని, తెనాలి