పడిపోయిన వరిని లేపిన మీ అందరికీ

రాయాలి రాయాలి అనుకుంటూనే నెల దాటిపోయింది, ఏమనుకోకండి. కోతలు, కుప్పలు, నూర్పు, మధ్యలో మా ఆయనకి జ్వరం, రోజులు ఎటు పోయాయో తెలీలేదు. నిన్నటికి ధాన్యం ఎండబెట్టి బస్తాలకెత్తడం అయిపోయింది, రాత్రి లెక్క చూస్తే రెండెకరాలకీ కలిపి ఇరవై ఆరు బస్తాలు తేలాయి. మామూలు ఏడాది ముప్పై ఐదు దాకా వస్తాయిలెండి. కానీ మొంథా తుఫాను వానకి పంటంతా పడిపోయి, అక్టోబర్ 29 పొద్దున్న గట్టు మీద నిలబడి చూసినప్పుడు ఇందులో ఒక్క బస్తా అయినా ఇంటికొస్తుందని నేను అనుకోలేదు, మా ఆయనా అనుకోలేదు, మా మామ్మ మాత్రం ఏమీ అనకుండా చీర కుచ్చిళ్ళు ఎగ్గట్టి మళ్ళోకి దిగిపోయింది.

మా పొలం తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తా. విశాఖపట్నం పక్కన ఆనందపురం జంక్షన్ నుంచి లోపలికి వచ్చి పద్మనాభం దగ్గర. రెండెకరాల వరి, ముప్పావు ఎకరం కూరగాయలు, పాతిక సువర్ణరేఖ మామిడి చెట్లు (2014 హుద్‌హుద్‌కి ముందు అరవై ఉండేవి), రెండు ఆవులు, గట్టు పక్కన ఒక ఉసిరి చెట్టు. యూరియా, పురుగుమందులు మానేసి ఏడేళ్ళయింది. వారం వారం కూరలు సిటీకి తెస్తాం, నెలకో ఆదివారం కొనేవాళ్ళే ఇటు వస్తారు. మేలో దుక్కి మీద నవధాన్యాలు చల్లడం, ఏరువాక వెళ్ళాక నారు పొయ్యడం, జులై చివర్లో ఊడ్పులు, కార్తీకంలో వనభోజనాలు, సంక్రాంతికి తంపటకాయలు ఉడకబెట్టుకోడం, ఇదీ మన క్యాలెండరు.

ఇప్పుడొక నిజం చెప్పేస్తా, తిట్టుకోకండి. ఆదివారాలు మీరొచ్చి వెళ్ళాక నేను మా ఆయన దగ్గర సణుగుతూనే ఉండేదాన్ని. ఊడ్పుల రోజు మీరు నాటిన వరసలు పాము పాకినట్టు వంకర్లు తిరిగితే, మీరు బస్సెక్కాక మామ్మా నేనూ సగం పీకి మళ్ళీ నాటాం. ఎరువు బదులు నేలకి పోసే జీవామృతం కలిపిన రోజు రెండొందల లీటర్ల డ్రమ్ములో పది కిలోల పేడ, పది లీటర్ల ఆవు మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల శనగపిండి, గుప్పెడు గట్టు మన్ను వేసి కలపమంటే పిల్లలు ముక్కులు మూసుకుని పరుగో పరుగు, పెద్దవాళ్ళు ఫోటోలు. ఒక బాబైతే రీల్ తీసుకుంటూ వెనక్కి నడిచి నడిచి నారుమడిలో కూర్చున్నాడు. వీళ్ళకిది పిక్నిక్కు, మనకి డబుల్ పని అని ఎన్నిసార్లు అన్నానో. ఆ రీల్ బాబే నవంబర్ రెండున పొద్దున్న ఆరున్నరకి అందరికంటే ముందొచ్చాడు, అదీ నా మొహం!

మొంథా సంగతి మీకు తెలుసు. అక్టోబర్ 28 రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటిందని టీవీలో చెప్తుంటే హమ్మయ్య మనకి దూరమే అనుకున్నాం, కానీ వాన మనల్ని వదిల్తేగా. తెల్లారి చూస్తే మైసూరు మల్లిగ వరి మొత్తం ఒకే వైపుకి చాప పరిచినట్టు పడుకుంది, గింజ గట్టిపడి ఇంకో రెండు వారాల్లో కోతకొచ్చే పంట, కంకులు నీళ్ళలో. బీర పందిరి కూలింది. జీవామృతం డ్రమ్ములు దొర్లి ఎక్కడో కంచె దగ్గర తేలాయి. నీళ్ళు తోడ్డానికి ఇంజను అద్దెకడిగితే ఒకాయన మామూలు రేటుకి మూడింతలు చెప్పాడు, పేరు చెప్పన్లెండి, ఆయనకీ సీజనేగా.

ఆ రోజు మధ్యాహ్నం గ్రూపులో నేను పెట్టిన మెసేజ్ ఒకటే, ఆదివారం వనభోజనాలు కాన్సిల్, పొలం మునిగింది అని. సాయం అడగలేదు, అడగాలని తోచను కూడా లేదు. పది నిమిషాల్లో ఎంవీపీ కాలనీ అక్క ఒకరు పెట్టారు, భోజనం మేం తెచ్చుకుంటాం, ఏం పని చెయ్యాలో చెప్పండి అని. ఆ తర్వాత ఫోన్ ఆగలేదు.

గురువారం మొదట వచ్చింది సిటీవాళ్ళు కాదు, పక్క పొలం మావయ్య. తన మడి ఇంకా మునిగే ఉంది, అయినా పారట్టుకుని వచ్చి మా గట్టుకి రెండు చోట్ల గండి కొట్టి నీళ్ళు కాలవలోకి తిప్పేశాడు. మావయ్యా, నువ్వు ఫోన్ చూడవు, మీ అబ్బాయి చదివి వినిపిస్తాడని రాస్తున్నా. పల్లం మడిలో నీళ్ళు మాత్రం కదల్లేదు. అక్కడ స్టీల్ ప్లాంట్‌లో చేసి రిటైరైన అంకుల్ మా పాత ఆయిల్ ఇంజను దగ్గర కూర్చున్నారు, రెండేళ్ళుగా స్టార్ట్ కాని ఇంజను అది, పాత ఇనుముకి వేసేద్దాం అనుకున్నాం. నాజిల్ విప్పి, కడిగి, ఏదో వాషర్ చెప్పు ముక్కతో కోసి పెట్టి, మూడింటికల్లా డబడబమనిపించారు. ఆయన కాఫీ కూడా తాగలేదు, షుగరట.

శుక్రవారం ఉప్పు కథ. తడిసిన కంకి మీద గింజ మొలకెత్తకుండా లీటరు నీటికి యాభై గ్రాముల ఉప్పు కలిపి కొట్టాలి, అంటే ఎకరానికి రెండొందల లీటర్లకి పది కిలోలు. ఆర్గానిక్ అంటారు ఉప్పు కొట్టొచ్చా అని గ్రూపులో ఇద్దరు అడిగారు, మంచి ప్రశ్నే, అప్పుడు జవాబివ్వలేకపోయా. ఇది పురుగుమందు కాదండీ, మన వంటింట్లో ఉప్పే, ఒక్కసారి కంకుల మీద సన్నగా కొట్టేది. రోజూ పోస్తే నేల పాడవుద్ది, అది వేరే సంగతి. ఊళ్ళో కిరాణా కొట్టులో ఉన్న ఉప్పంతా ఇచ్చేసి డబ్బులు తర్వాత చూద్దాం అన్నారు. తైవాన్ స్ప్రే పంపు భుజానేసుకుని రెండెకరాలూ తిరిగినవాళ్ళు మధురవాడ నుంచొచ్చిన ఇంజినీరింగ్ పిల్లలు నలుగురు. ఆ రోజు కాలేజీకి ఏం చెప్పి వచ్చారో నేనడగలేదు.

ఆదివారం ముప్పై ఎనిమిది మంది వచ్చారు, లెక్కెట్టాను. మామ్మ గట్టు మీద నిలబడి, మైకక్కర్లేదు ఆవిడకి, "ఓలమ్మో, కంకి కాడ పట్టకండి, గింజ రాలిపోద్ది, మొదలు కాడ పట్టి నెమ్మదిగా లేపండి" అని ఒకటే కేక. చూపించింది కూడా. వంగి, ఎడం చేత్తో నాలుగు దుబ్బుల మొదళ్ళు కలిపి పట్టి, బురదలోంచి చంటిపిల్లని లేపినట్టు లేపి, ఆ దుబ్బుల్లోంచే రెండు ఆకులు తీసి మెలిపెట్టి, కంకికి ఒక జానెడు కిందగా చుట్టి ముడేసి వదిలేసింది. నాలుగూ ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడ్డాయి. గట్టిగా కడితే లోపల గాలాడదు, వదులుగా కడితే మళ్ళీ పడిపోద్ది, ఆ ముడి చేతికి రావడానికి నాకే గంట పట్టింది. మీకు మాత్రం గట్టు ఎక్కడ జారుద్దో, ఏ మడిలో కాలు దిగబడుద్దో, వరసల మధ్య ఎలా నడవాలో చెప్పే పని లేకపోయింది. జులైలో నాటింది మీరేగా! పిక్నిక్కు అని నేను సణిగిన ఆదివారాలే అవి. కొత్తవాళ్ళని ముప్పై మందిని తెచ్చి దింపితే తొక్కుడుకే సగం పంట పోయేదని మామ్మ అంది, అదీ నిజమే.

మీరు నాటిన వంకర వరసల్లో కొన్ని పడనే లేదు, దానికి కారణం నాకైతే తెలీదు, మామ్మకీ తెలీదు, కానీ మీరు గొప్పగా చెప్పుకుంటున్నారని విన్నాను, చెప్పుకోండి.

మధ్యాహ్నం ఉసిరి చెట్టు కింద తడి నేల మీదే టార్పాలిన్ పరిచి కూర్చున్నాం. పులిహోర, దప్పళం, ఎవరో తెచ్చిన ఆవపెట్టిన పనసపొట్టు కూర. మొత్తానికి వనభోజనాలు కాన్సిల్ కాలేదన్నమాట. బీర పందిరికి జాలరిపేట అన్న పాత వలలు రెండు మూటలు తెచ్చి, వాళ్ళబ్బాయితో కలిసి సాయంత్రానికి కట్టేశారు. ఇంత గట్టి పందిరి ఈ పొలంలో ఎప్పుడూ లేదు, మా ఆయన ఉక్రోషంగా చూస్తున్నాడు. వచ్చే తుఫానుకి పందిరి ఉండి మేం ఎగిరిపోతాం ఏమో. ఎవరో అనకాపల్లి నుంచి నల్లబెల్లం పది కిలోలు పంపారు, జీవామృతం మళ్ళీ కలిపాం, ఈసారి ఒక్కరు కూడా ముక్కు మూసుకోలేదు.

అంతా దక్కిందని చెప్తే అబద్ధం. పల్లం మడిలో ముప్పై సెంట్ల దాకా మొలకలొచ్చేశాయి, అది కోసి ఆవులకేశాం. నేల ఆరక కోత మిషను దిగలేదు, మనిషి చేత్తోనే కోయించాం, కూలి ఖర్చు బాగా పెరిగింది. నష్టం రాసుకోడానికి వచ్చినవాళ్ళు గట్టు మీంచే చూసి వెళ్ళారు, అది ఎక్కడిదక్కడే ఉంది. ఒకటి మాత్రం కలిసొచ్చింది, నేలలో పదును ఉండగానే కోతకి రెండ్రోజుల ముందు పెసలు చల్లేశాం, ఇప్పుడు కోసిన వరి కొయ్యల మధ్య పచ్చగా రెండాకులేసి ఉన్నాయి.

బియ్యం సంగతి. సంక్రాంతి లోపు కొంత మర ఆడిస్తాం. పడిపోయి లేచిన ధాన్యం కాబట్టి ఈసారి నూక ఎక్కువొస్తుంది, ముందే చెప్తున్నా, తర్వాత ఫోన్ చేసి అనొద్దు. కొత్త బియ్యం ముద్దవుద్ది, నీళ్ళు తగ్గించి వండుకోండి, లేదా పరవాన్నానికి పెట్టుకోండి. ఆ ముప్పై ఎనిమిది మందికీ తలా రెండు కిలోలు పక్కన పెట్టాను, ఇంజను అంకుల్‌కీ పంపు కొట్టిన పిల్లలకీ కూడా, డబ్బులిస్తాం అంటే మాత్రం మామ్మ చేత తిట్టిస్తా. భోగి ముందు ఆదివారం తంపటకాయలు ఉడుకుతాయి, గిన్నెలు తెచ్చుకోండి.

ఇంకో మాట, మీ సామాన్లు ఇక్కడున్నాయి. మూడు గిన్నెల స్టీల్ క్యారేజీ ఒకటి, మూత మీద ఏదో పేరు కొట్టించి ఉంది గానీ చదవడానికి రావట్లేదు. నీలం గొడుగు. చిన్నపిల్లల టోపీ. బురదలో దొరికిన చెప్పులు ఐదు, అన్నీ ఎడమకాలివే.