గంటకి ఎన్ని విమానాలు దిగుతాయి?

ఒరేయ్ సూరిబాబూ,

ఉత్తరం అందింది. అమలాపురం వైపు ఊడ్పులు అయిపోయాయన్నావు, సంతోషం. 2027 పుష్కరాలకి మధురపూడిలో, అంటే మన రాజమండ్రి విమానాశ్రయంలో, గంటకి ఎన్ని విమానాలు దిగొచ్చో లెక్క కట్టడం ఎలాగని అడిగావు కదా, అదే రాస్తున్నాను. కాగితం, పెన్సిలూ దగ్గర పెట్టుకో.

రన్‌వే మూడు కిలోమీటర్లు దాటి ఉంది కాబట్టి బోలెడు దిగుతాయనుకుంటున్నావు. పొడుగుని బట్టి ఎంత పెద్ద విమానం దిగగలదో తెలుస్తుంది గానీ ఎన్ని దిగుతాయో తెలీదురా. ధవళేశ్వరం లాకులు గుర్తు తెచ్చుకో. కాలవ ఎంత వెడల్పున్నా, లోపలికొచ్చిన పడవ వెనక తలుపులు మూసి, నీటిమట్టం సమానమై, అవతలి తలుపులు తీసేదాకా రెండో పడవ ఆగాల్సిందే. రన్‌వే కూడా అంతే, ఒకటి ఖాళీ చేస్తేనే ఇంకోటి దిగేది. రెండు ల్యాండింగుల మధ్య సగటున ఎన్ని సెకన్లు పడుతుందో తేల్చి, 3600ని దాంతో భాగించు.

ఆకాశంలో ఎడంతో మొదలుపెడదాం. రాడార్ చూపు బాగా ఉన్నచోట రెండు విమానాల మధ్య 3 నాటికల్ మైళ్లు, అంటే అయిదున్నర కిలోమీటర్లు ఉంచుతారనుకో. ఎయిర్‌బస్ 320 దిగేటప్పుడు గంటకి సుమారు 135 నాటికల్ మైళ్ల వేగంతో వస్తుంది. 3ని 135తో భాగించి, గంటకి 3600 సెకన్లు కాబట్టి 3600తో గుణిస్తే 80 సెకన్లు. ఏటీఆర్, అంటే రెక్కలకి పంకాలుండే చిన్న విమానం, దాని వేగం 110 అనుకుంటే 98 సెకన్లు. ముందు వెళ్లేది బోయింగ్ 777 లాంటి భారీ విమానమైతే దాని రెక్కల వెనక లేచే సుడిగాలి వల్ల 320ని 5 మైళ్ల దూరంలో ఉంచాలి, అప్పుడు 133 సెకన్లు.

అసలు చిక్కు ఎయిర్‌బస్, ఏటీఆర్ రెండు రకాలూ కలిసి వచ్చినప్పుడే. కాలవగట్టు రోడ్డు మీద గడ్డి ట్రాక్టరూ కారూ వెళ్తున్నాయనుకో. ట్రాక్టర్ ముందుంటే కారు దగ్గర పడుతూ వస్తుంది. కారు ముందుంటే ఎడం పెరుగుతూ పోతుంది. చివరి 10 మైళ్లూ రెండూ ఒకే దారిలో రావాలి, మధ్యలో దాటే వీల్లేదు. ఏటీఆర్ ముందు, ఎయిర్‌బస్ వెనక అయితే రన్‌వే అంచు దగ్గర 3 మైళ్లు మిగిలేలా చూసుకుంటే చాలు, 80 సెకన్లే. తిరగేస్తే చూడు. ఎయిర్‌బస్ ఆ దారిలోకి దిగేసరికి ఏటీఆర్ 3 మైళ్లు వెనకుంది. అది 13 మైళ్లు రావడానికి 425 సెకన్లు, ఎయిర్‌బస్ 10 మైళ్లు పోవడానికి 267. తేడా 158 సెకన్లు! ఒక్క జతలోనే దాదాపు ఇంకో విమానం దిగే సమయం గాల్లో కలిసిపోయింది.

విమానాలకి దారి చెప్పే ఏ కంట్రోలరూ సెకను లెక్కన వరస కట్టలేడు కాబట్టి ప్రతి జతకీ 20 సెకన్లు వెసులుబాటు కలుపు. అన్నీ ఎయిర్‌బస్‌లైతే గంటకి 36. అన్నీ ఏటీఆర్‌లైతే 30. సగం సగం ఎలా పడితే అలా వస్తే సగటు 124 సెకన్లు, గంటకి 29. చూశావా, అన్నీ నెమ్మది విమానాలే వచ్చినదానికన్నా తక్కువ! అవే విమానాల్ని ఒక రకం తర్వాత ఒక రకంగా గుంపులు కడితే 33 దాకా వస్తుంది. రన్‌వేకి ఒక్క గజం కలపకుండా వరస మార్చినందుకే నాలుగు దిగాయి. అందుకే ఏటీసీలో, అంటే ఆ కంట్రోలర్ల గదిలో, వరస కట్టే మనిషంటే నాకు అంత గౌరవం.

ఇవన్నీ దిగేవాటి లెక్కే. మధ్యలో ఎగిరేవాటికి చోటివ్వాలంటే ఎడం, వెసులుబాటుతో కలిపే, 6 మైళ్ల దాకా పెంచాలి. 160 సెకన్లయింది కాబట్టి గంటకి 22 దిగుతాయి, 22 ఎగురుతాయి.

వానాకాలం సంగతి వేరే. గంటకి 20 నాటికల్ మైళ్ల వేగంతో ఎదురుగాలి వీస్తే ఎయిర్‌బస్ నేల మీద లెక్కకి 115తోనే కదులుతుంది, 80 సెకన్లు కాస్తా 94 అవుతుంది. లండన్ హీత్రూలో 2015 నుంచి ఎదురుగాలి గట్టిగా ఉన్నప్పుడు ఎడాన్ని మైళ్లలో కాక సెకన్లలో కొలవడం ఇందుకే. తడి రన్‌వే మీద పైలట్ నెమ్మదిగా మలుపు తిరుగుతాడు. రన్‌వే కనబడక ఒకడు మళ్లీ పైకి లేచాడంటే వాడికి వరసలో రెండోసారి చోటివ్వాలి.

చిన్న విమానాశ్రయాల్లో లెక్క తప్పేది నేల మీదేరా. రన్‌వే పక్కన చివరిదాకా ట్యాక్సీవే, అంటే విమానాలు నేల మీద నడిచే పక్కదారి, లేకపోతే దిగిన విమానం చివర తిరిగి, వచ్చిన దారినే వెనక్కి రావాలి. దిగి ఆగడానికి ఒక నిమిషం, తిరగడానికి అర నిమిషం, సెకనుకి 10 మీటర్ల చొప్పున 1500 మీటర్లు రావడానికి రెండున్నర. మొత్తం నాలుగు నిమిషాలు, అంటే గంటకి 15కి మించవు. పైన కట్టిన 36 ఏమైపోయింది?

ఆ తర్వాత నిలిపే చోటు. అలాంటి చోట్లు, అంటే స్టాండ్లు, అయిదు ఉన్నాయనుకో. ఒక్కో విమానం జనాన్ని దించి, ఎక్కించుకుని, ఇంధనం పోయించుకుని వెళ్లడానికి 40 నిమిషాలు, ఆలస్యాలకి ఇంకో 10. అయిదుని 60తో గుణించి 50తో భాగించు, గంటకి 6! గాల్లో 36, రన్‌వే మీద 15, స్టాండ్ల దగ్గర 6. వీటిలో ఏది తక్కువో అదే నీ జవాబు. ఏడోది దిగితే నిలపడానికి చోటుండదు, కాబట్టి దాన్ని బయల్దేరిన ఊళ్లోనే ఆపుతారు.

మధురపూడికి నిజమైన లెక్క కావాలంటే నాలుగు సంగతులు కనుక్కుని రాయి. పుష్కరాల నాటికి ఎన్ని స్టాండ్లు వాడకంలో ఉంటాయి, ఒక్కో విమానం నేల మీద ఎంతసేపుంటోంది, రన్‌వే నుంచి పక్కకి మళ్లే దారులు ఎక్కడున్నాయి, ఏటీఆర్‌లు ఎన్ని, ఎయిర్‌బస్‌లు ఎన్ని. స్టాండ్ల సంఖ్య ముందు కనుక్కో. ఉత్తరం రాగానే కట్టి పంపిస్తాను.

నీ
సత్తిబాబు