ఐదో తరగతి దాకా మేం నేర్చుకున్నది

సంపాదకుడు గారికి,

పది రోజుల కిందట మీ జిల్లా పేజీలో కాన్వెంటు చదువుల మీద వచ్చిన కథనం చదివాను. అప్పుడే రాద్దామనుకున్నాను గానీ నాట్ల పనుల్లో పడి కుదరలేదు. ఈలోగా దాన్ని మెచ్చుకుంటూ రెండు ఉత్తరాలు కూడా వేశారు. ఇక ఊరుకోలేక రాస్తున్నాను.

క్యాథలిక్ బడిలో చిన్న తరగతుల పిల్లలు నేర్చుకునేది ఇంగ్లీషు, క్రమశిక్షణ, కాస్త మతం, అంతేనని మీ విలేకరి తేల్చేశారు. మాది హిందూ రైతు కుటుంబం. ఒకటి నుంచి ఐదు దాకా నేను చదివింది మా ఊరి ఆర్‌సీఎం (రోమన్ క్యాథలిక్ మిషన్) బడిలోనే. వశిష్ఠ గోదావరి గట్టుకి దగ్గర్లో నాలుగు గదులు, వెనకాల చర్చి, మేం గుడి అనే వాళ్లం. తెలుగు మీడియం, ఎయిడెడ్ బడి, ఫీజు లేదు. ఇంగ్లీషు అక్షరాల మొహం మేం ఐదో తరగతిలో గానీ చూడలేదు. మరి ఆ ఐదేళ్లూ మేం ఏం నేర్చుకున్నట్టు?

చదవడం నేర్చుకున్నాం. ఒకడు లేచి పాఠం చదివితే, "ఇప్పుడు పుస్తకం మూసి నీ మాటల్లో చెప్పు" అనేవారు సిస్టర్ గారు. చెప్పలేకపోతే మళ్లీ చదవాల్సిందే. ఒత్తు తప్పితే పలక మీద పదిసార్లు దిద్దాలి. మూడో తరగతి అయ్యేసరికి మా నాన్నకి వచ్చిన సహకార సొసైటీ నోటీసు నేనే చదివిపెట్టేవాణ్ని.

మతం మాటకొస్తే, సత్యోపదేశం, అంటే క్రైస్తవ మతబోధ పీరియడ్‌లో క్యాథలిక్ పిల్లలు గుడిలోకి వెళ్లేవారు, మిగతావాళ్లం నీతి కథలు వినేవాళ్లం. మమ్మల్ని రమ్మని ఎవరూ బలవంతపెట్టలేదు. ప్రభుత్వ గుర్తింపో సాయమో ఉన్న బడిలో, పెద్దల సమ్మతి లేకుండా పిల్లల్ని మతబోధకు కూర్చోబెట్టకూడదని రాజ్యాంగం 28వ అధికరణంలోనే ఉంది. రాసేముందు ఒక్కసారి చూసుకోవాల్సింది.

మా బడి వసారాలో ఒక కుండ ఉండేది, దాని మీద ఒకే గ్లాసు. ఊరి పిల్లలూ పేట (దళితవాడ) పిల్లలూ అదే గ్లాసుతో తాగాలి. కుండ నింపే వంతు వారానికి ఇద్దరిది, వాళ్లలో ఒకరు ఊళ్లో వాళ్లయితే ఒకరు పేటలో వాళ్లు. మా నాయనమ్మ నాకు వేరే ఇత్తడి గ్లాసు ఇచ్చి పంపించింది. సిస్టర్ గారు ఏమీ అనలేదు. ఆ గ్లాసు తీసుకుని, అందులో నీళ్లు పోసి, నాలుగు నందివర్ధనాలు పెట్టి మరియమాత బొమ్మ ముందు ఉంచారు. "మీ ఇంటి గ్లాసు ఎంత బాగుందో" అన్నారు. ఆ రోజు నుంచి నేనూ కుండ మీది గ్లాసుతోనే తాగాను. నాయనమ్మ నాలుగు రోజులు గొణిగి ఊరుకుంది. మీ కథనంలో ఇలాంటి చదువుకి ఒక్క వాక్యం లేదు.

1986 ఆగస్టు వరద ఈ జిల్లాలో ఎవరూ మరిచిపోరు. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. నేనప్పుడు నాలుగో తరగతి. లంకల నుంచి వచ్చినవాళ్లకి మా బడిలోనే చోటిచ్చారు. బల్లలు బయటపెట్టింది మేమే. ఏ కుటుంబం వాళ్లు ఎంతమందో బోర్డు మీద రాసింది మేమే. "మనిషికి సోలెడు బియ్యం, ఈ గదిలో 37 మంది, ఎన్ని తవ్వలు కావాలి?" అని సిస్టర్ గారు అడిగితే, తవ్వకి రెండు సోలలు కాబట్టి పద్దెనిమిది తవ్వల మీద ఒక సోల అని నేను చెప్పాను. ఆ లెక్క ప్రకారమే బియ్యం కొలిచారు. అంతకంటే పెద్ద ర్యాంకు నాకు మళ్లీ రాలేదు.

ఇప్పుడు మా అమ్మాయి పట్నంలో ఒక కాన్వెంటులో నాలుగో తరగతి. వాళ్ల నాయనమ్మ మీ కథనమే చేతికిచ్చి చదవమంది. "విద్యార్థుల" అన్న మాట దగ్గర రెండుసార్లు ఆగి, ఒత్తు వదిలేసి చదివింది. పక్కనే ఉన్న మోరల్ సైన్స్ నోట్సులో మాత్రం నిజాయితీ అంటే ఏమిటో ఇంగ్లీషులో నాలుగు లైన్లు ముత్యాల్లా రాసుంది. దానర్థం చెప్పమ్మా అంటే ఏడుపు మొహం పెట్టింది. తప్పు పిల్లది కాదు.

2009 విద్యాహక్కు చట్టం వీలైనంత వరకు మాతృభాషలో చెప్పమంది. 2020 జాతీయ విద్యావిధానం కనీసం ఐదో తరగతి దాకా అంది. ఇంగ్లీషు వద్దని నేను అనడం లేదు, మా అమ్మాయికీ కావాలి. కానీ తెలుగే సరిగా చదవలేని పిల్లకి ఇంగ్లీషు ఏ పునాది మీద నిలబడుతుంది? అదే 2020లో వచ్చిన స్కూలు బ్యాగుల విధానం రెండో తరగతి దాకా హోంవర్కే వద్దంది, మూడు నుంచి ఐదు దాకా వారానికి రెండు గంటలు చాలంది. మా అమ్మాయికి రోజుకే రెండు గంటలు పడుతోంది. నిద్రలో కూడా టెస్టు టెన్షనే. ఏ అధికారైనా ఒక్క సంచి తూచి చూశారా?

మా ఊరి బడి సంగతి కూడా రాస్తాను. రిటైరైన టీచర్ల పోస్టులు ఏళ్ల తరబడి నింపలేదు. ఐదు తరగతులకీ ఒక్క టీచరే మిగిలారు. పిల్లలు బస్సెక్కి పట్నం పోయారు. తర్వాత "స్ట్రెంగ్త్ లేదు" అని కాగితం వచ్చింది. టీచర్లని ఇవ్వనిది ఆ అధికారులే, పిల్లలు లేరని రాసేది వాళ్లే. అర్జీ పట్టుకుని మూడుసార్లు తిరిగాను. ఒకసారి మీటింగు, ఒకసారి సెలవు, మూడోసారి ఆ సెక్షన్ మారిందన్నారు. రోడ్డు గుంత దగ్గర్నుంచి బడి దాకా అన్నిటికీ ఇదే వరస.

యాజమాన్యాలకీ ఒక మాట. తల్లిదండ్రులే పిల్లలకి మొదటి గురువులని 1965లో క్యాథలిక్ మతపెద్దల రెండో వాటికన్ మహాసభ చెప్పింది. అప్పట్లో సిస్టర్లకి పెద్దయిన మదర్ గారు సాయంత్రం మా అరుగు మీద కూర్చుని మా అమ్మతో నా చదువు మాట్లాడేవారు. ఇప్పుడు గేటు దాటి లోపలికి వెళ్లాలంటే మీటింగు రోజు రావాలి, అది కూడా మూడు నిమిషాలే. ఆ సిస్టర్ల పేరు చెప్పుకునే ఈ బడులు నడుస్తున్నాయి. వాళ్లు చెప్పిన చదువులో సగమైనా చెప్పమని అడిగే హక్కు మాకు లేదా?

మీ విలేకరిని మళ్లీ పంపించండి. కాన్వెంటైనా, సర్కారు బడైనా, కార్పొరేటు స్కూలైనా సరే, నాలుగో తరగతి గదిలోకి వెళ్లి, మీ పత్రికే ఇచ్చి పది లైన్లు చదివించి, చదివింది సొంత మాటల్లో చెప్పమనండి. ఆ పిల్లలు ఏం చెప్పారో అదే అచ్చు వేయండి.

ఇట్లు,
ఒక రైతు, పాలకొల్లు దగ్గర నుంచి
(పేరు ప్రచురించవద్దని మనవి)