సెకండ్ హ్యాండ్ పికప్ ఏం మోసిందో ముందు అడగండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మా తాడిపత్రి సైడు సెకండ్ హ్యాండ్ పికప్ కావాలని ఎవర్ని అడిగినా కళ్లు మూసుకొని బొలెరో తీసుకో అంటారు. నిజమే, పల్లెల్లో కూడా మెకానిక్‌లు, స్పేర్లు దొరుకుతాయి, మళ్లీ అమ్మినా రేటు వస్తుంది. కానీ మొన్న మా బామ్మర్ది చీనీకాయలు (బత్తాయిలు) అనంతపురం మార్కెట్‌కి తోలేదానికి బండి చూస్తా ఉంటే నేనూ వెంట పోయినా, రెండు బండ్లు చూసినాక నాకు తెలిసింది ఏందంటే బండి ఇంతకుముందు ఏం మోసిందో అదే అసలు లెక్క.

ఒకటి బొలెరో, 2.5 లీటర్ల ఇంజిన్. ఇంకోటి టాటా యోధా, 2.2 లీటర్లు. రెండూ బీఎస్-6 (కొత్త పొగ రూల్స్) బండ్లే, రెండూ 1,700 కిలోలు మోసే మోడళ్లే, రేటు అటూఇటుగా ఒకటే. బొలెరో రాతి బండల ఫ్యాక్టరీకి తిరిగిన బండి. బండ ఘనమీటరు రెండున్నర టన్నుల పైనే తూగుతుంది, తొమ్మిదడుగుల తొట్టిలో అర అడుగు ఎత్తు పేరిస్తేనే పాసింగ్ లోడ్ (ఆర్సీలో రాసిన బరువు) అయిపోయినట్టు, అయినా తొట్టి ఖాళీగానే కనపడుతుంది కాబట్టి ఇంకో రెండు వరసలు వేసేస్తారు. కిందికి దూరి సెల్ టార్చ్ వేసి చూస్తే వెనక కమాన్ కట్టలు (బరువు మోసే స్ప్రింగు పట్టీలు) వంపు పోయి చదునైపోయినాయి, బ్రాకెట్ దగ్గర చాసిస్‌కి వెల్డింగ్ కొట్టి దానిమీద కొత్తగా నల్లరంగు పూసినారు. కంపెనీ తప్పు కాదిది, అంత బరువేస్తే ఏ బండైనా అంతే. పైగా మేం పోయేసరికే బానెట్ వేడిగా ఉంది, చల్లమీద స్టార్ట్ అయ్యేదానికి మొరాయిస్తుందేమో మాకు తెలీకుండా ముందే స్టార్ట్ చేసి పెట్టినారు.

యోధాకి పైన గీతలున్నాయి గానీ కూరగాయలు మోసిన బండి, కమాన్లు బాగున్నాయి, పొద్దున్నే చల్లమీద ఒక్క సెల్ఫ్‌కే అందుకుంది, ఆయిల్ మూత తీస్తే పొగ తన్నలేదు (తన్నితే ఇంజిన్ లోపల అరిగినట్టు). అదే తీసుకోమని చెప్పినా.

ఇంకోటి, ఆ బొలెరో కర్ణాటక రిజిస్ట్రేషన్. ఫారం 28 ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే కాగితం) అక్కడి నుంచి తేవాలి, ఫైనాన్స్ ఉంటే అప్పు తీరిపోయిందని చూపించే ఫారం 35, ఇక్కడ ట్యాక్స్ వేరే. అన్నీ మేం చూసుకుంటాంలే అన్నా అంటారు అమ్మేవాళ్లు, కాగితాలు చేతికొచ్చేదాకా డబ్బంతా ఇయ్యొద్దండీ.

ఇన్సూరెన్స్, ఫిట్‌నెస్ తేదీలు ఎంపరివాహన్ యాప్‌లో నంబర్ కొడితే వస్తున్నాయి కదా, అట్లాగే ఆ బండిమీద పడిన ఓవర్‌లోడ్ కేసులు, చాసిస్‌కి చేసిన వెల్డింగ్ కూడా కొనేవాళ్లకి కనపడేలా పెట్టమని రవాణా శాఖని మీ పేపర్ ద్వారా అడుగుతున్నా. బంగారం కుదువ పెట్టి బండి కొనే రైతులు మా దగ్గర చాలామంది ఉన్నారు.

– ఒక చీనీ రైతు, తాడిపత్రి మండలం, అనంతపురం జిల్లా