ఐడిల్‌లో పెట్టమన్నదీ మీరే, క్యామ్‌షాఫ్ట్ అరిగితే వారంటీ లేదనేదీ మీరే

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

నమస్తే సార్. అనంతపురం నుంచి రాస్తున్నా. ఐస్‌క్రీమ్, పాలు, పెరుగు సప్లై చేసుకునేదానికి మీ కంపెనీ బీఎస్6 డీజిల్ పికప్, వెనక ఫ్రిజ్ బాడీతో, మీ డీలర్ దగ్గరే తీసుకున్నా. వారంటీ ఇంకా ఉంది. ఇప్పుడు ఇంజిన్ పైభాగంలో టక టక సౌండ్ వచ్చి బండి సర్వీస్ సెంటర్‌లో పడుంది, వాల్వులు తెరిచే క్యామ్‌షాఫ్ట్ మార్చాల, అది తోసే రాకర్లు మార్చాల, డబ్బు మాత్రం నువ్వే కట్టుకోవాల అంటున్నారు.

హెడ్ కవర్ విప్పినప్పుడు నేను పక్కనే నిలబడి చూసినా సార్. క్యామ్‌షాఫ్ట్ మీద గుబ్బలుంటాయి కదా, లోబులంటారు, మిగతా లోబులన్నీ నున్నగా మెరుస్తున్నాయి, ఒక్క లోబ్ ముక్కు మాత్రం గీతలు పడి మొద్దుబారిపోయింది, గోరుతో గీస్తే గోరు తగులుకుంటోంది. డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ పై గీత దాటి ఉంది, వాసన చూస్తే డీజిల్ వాసన. మెకానిక్ కూడా వాసన చూసినాడు, కానీ జాబ్ కార్డులో ఆ ముక్క రాయలేదు. ఎందుకు రాయలేదో మీరే కనుక్కోండి.

మొదట ఆయిల్ టైమ్‌కి మార్చలేదన్నారు. సర్వీసులన్నీ మీ దగ్గరే, ఆయిల్ కూడా మీదే, బిల్లులన్నీ టేబుల్ మీద పెట్టినా. దాంతో మాట మార్చి, స్కానర్ పెట్టి ఇంజిన్ నడిచిన గంటలు చూపించి, ఐడిల్ ఎక్కువ పెట్టినావు, అంటే బండి నిలబెట్టి ఇంజిన్ ఊరికే తిప్పినావు, వాడకంలో తప్పు అని క్లెయిమ్ రిజెక్ట్ చేసినారు.

ఏం సార్, ఫ్రిజ్ కంప్రెసర్ తిరిగేది ఇంజిన్ బెల్టుతోనే కదా. ఐస్‌క్రీమ్ మైనస్ 18 డిగ్రీల్లో ఉండాల. మే నెల ఎండలో సుభాష్ రోడ్డులో ఒక్కో షాపు ముందర ఆపి సరుకు దించేటప్పుడు ఇంజిన్ ఆఫ్ చేస్తే లోపల సరుకు ఏమైపోతుంది? ధర్మవరం, తాడిపత్రి లైన్ అయితే ఇంకా కష్టం. బండి అమ్మేటప్పుడు మీ సేల్స్ అతనే చెప్పినాడు, డెలివరీ అప్పుడు ఇంజిన్ ఆన్‌లోనే ఉంచండి అని. ఈ పని కోసమే అమ్మి, ఈ పని చేసినందుకే వారంటీ లేదంటే ఎట్ల?

ఇంజిన్ సంగతి మీకు తెలీదని కాదు, కానీ మీ వాళ్ళు నాకు చెప్పిన తీరు చూసి రాయాల్సి వస్తోంది. ఆయిల్ పంప్ తిరిగేది ఇంజిన్ మెయిన్ షాఫ్ట్ అయిన క్రాంక్‌తోనే, 2000 ఆర్‌పీఎంలో, అంటే నిమిషానికి 2000 చుట్లు తిరిగే ఇంజిన్ 800కి దిగితే పంప్ కూడా అంతే తగ్గుతుంది, పైగా వేడికి ఆయిల్ పల్చబడి ప్రెజర్ ఇంకా పడిపోతుంది. క్యామ్ ఉండేది పైన హెడ్‌లో, మా తుంగభద్ర హెచ్చెల్సీ కాలవ కింద చివరి పొలానికి నీళ్ళు అందినట్టే దానికి ఆయిల్ అందేది. ఇంజిన్ 800లో ఉంటే క్యామ్ తిరిగేది 400లోనే, అంత నిదానంగా తిరిగితే లోబ్‌కీ రాకర్‌కీ మధ్య ఆయిల్ పొర సరిగ్గా నిలబడదు, వాల్వ్ స్ప్రింగ్ బలమంతా ఆ ముక్కు మీదే పడుతుంది. స్పీడ్ పెరిగితే ఆ ముక్కు దగ్గర లోడ్ తగ్గుతుంది, పొర మందమవుతుంది. ఆయిల్ లైట్ వెలగలేదు కదా అన్నాడు మీ అడ్వైజర్. ఆ లైట్ ప్రెజర్ బాగా పడిపోయినాక వెలిగేది సార్, క్యామ్ కష్టం దానికేం తెలుస్తుంది.

ఇక డీజిల్ వాసన సంగతి. డీపీఎఫ్‌లో, అంటే పొగలో మసి పట్టే ఫిల్టర్‌లో, పేరుకున్న మసి కాల్చేదానికి ఇంజిన్ అదనంగా డీజిల్ కొడుతుంది, బండి హైవేలో పోతుంటే ఆ మసి కాలిపోతుంది, ఊర్లో ఆగి ఆగి తిరిగే బండికి ఆ కాల్చే పని మధ్యలోనే ఆగిపోయి కొంత డీజిల్ సిలిండర్ గోడల మీదుగా కింద ఆయిల్ ఉండే సంప్‌లోకి దిగుతుంది. అందుకే ఆయిల్ తగ్గాల్సింది పోయి పెరిగింది. పల్చబడిన ఆయిల్, తక్కువ ఆర్‌పీఎం, రెండూ కలిసి ఆ లోబ్‌ని తినేసినాయి.

ఇదంతా డిజైన్ చేసినోళ్ళకి తెలిసిందే. ఫోర్డ్ వాళ్ళు వాళ్ళ ట్రక్కులకి ఒక గంట ఐడిల్‌ని దాదాపు 25 మైళ్లు నడిచినట్టు లెక్కేస్తారు, అంటే 40 కిలోమీటర్లు. మీ బుక్కులో నా బండికి ఉన్నది కిలోమీటర్ల లెక్క మాత్రమే. వారంటీ రిజెక్ట్ చేసేదానికి గంటలు పనికొచ్చినాయి, ఆయిల్ ఎప్పుడు మార్చాలో చెప్పేదానికి మాత్రం పనికిరాలేదా?

క్యామ్, రాకర్లు, పాడైన ఆయిల్, లేబర్ అంతా వారంటీ కింద చేయండి. కంప్రెసర్ ఆన్ అయితే ఐడిల్ దానంతటదే 1100, 1200 దాకా లేచేటట్టు సెట్ చేసివ్వండి, లేకపోతే కొత్త క్యామ్ వేసినా మళ్ళీ ఇదే గతి. ఇట్లాంటి బాడీ బండ్లకి గంటల లెక్కన సర్వీస్ షెడ్యూల్ తెలుగులో రాసివ్వండి, నాలాంటోళ్ళు ఇంకా చాలామంది ఈ బండ్లే నడుపుతున్నారు, వాళ్ళకీ పనికొస్తుంది. జాబ్ కార్డులో ఆయిల్ లెవెల్, డీజిల్ వాసన సంగతి కూడా ఎక్కించండి.

బండి ఆగిపోయినా ఈఎంఐ ఆగలేదు, బాడుగ బండిలో సరుకు పంపుతున్నా. పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి కంప్లైంట్ ఇచ్చి, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌కి పోతాను. విప్పిన క్యామ్‌షాఫ్ట్, ఆ ఆయిల్ శాంపిల్ పారేయొద్దని సర్వీస్ సెంటర్‌లో రాసిచ్చి సంతకం తీసుకున్నా. మీ టెక్నికల్ మనిషిని పంపండి, ఇద్దరం కలిసే చూద్దాం.

ఇట్లు,
మీ పికప్ కస్టమర్, అనంతపురం