మండువా ఇల్లు కడదామంటే సున్నం మేస్త్రి ఏడి?

సంపాదకులకు నమస్కారం.

ఈమధ్య మీ ఆదివారం అనుబంధంలో పాత పద్ధతిలో ఇళ్లు కట్టుకుంటున్నవాళ్ల గురించి రాశారు, ఫొటోలు బాగున్నాయి. కానీ అందులో నాకు కనిపించినవన్నీ స్లాబు ఇళ్లే. స్లాబు ఏటవాలుగా పోసి, పైన పెంకులు అతికించి, ముందు రెండు చెక్క స్తంభాలు నిలబెట్టినవి. అలా కట్టుకున్నవాళ్లను తప్పుపట్టను, ఎవరి వీలు వారిది. అసలు పద్ధతిలోనే కడదామని దిగినవాడికి ఏం ఎదురవుతుందో మాత్రం ఎవరూ రాయడం లేదు. నేను 2022 చివర్లో మొదలుపెట్టి 2024 మాఘమాసంలో గృహప్రవేశం చేశాను కాబట్టి రాస్తున్నాను.

మాది రాజోలు దగ్గర పల్లెటూరు. మా తాతగారి మండువా లోగిలి నలుగురు అన్నదమ్ముల పంపకాల్లో పోయింది. మండువా అంటే ఇంటి మధ్యలో పైకప్పు లేకుండా వదిలే చోటు, అలాంటి ఇంటికి వాటాలు వేయడం కుదరదండీ. నాలుగు వైపుల గదులకీ వెలుతురూ గాలీ ఆ మధ్య నుంచే రావాలి, అడ్డంగా గోడ పెడితే ఒకరి వైపు చీకటి, ఇంకొకరి వైపు వాననీళ్లు. అందుకని 2004లో ఇల్లు విప్పేసి కలప అమ్మేశారు. టేకు స్తంభాలు లారీ ఎక్కుతుంటే మా అమ్మ వీధిలోకి రాలేదు. చాలా ఊళ్లలో ఈ లోగిళ్లు ఇలాగే పోయాయి. నేను మళ్లీ కట్టింది చిన్నదే, మండువా పది అడుగులు పన్నెండు అడుగులు, చుట్టూ వసారా, నాలుగు గదులు.

ఇంజినీరు దగ్గరికి వెళ్తే మొదటి ప్రశ్న పిల్లర్లు ఎన్ని అని. ఒకటిన్నర ఇటుక గోడలు, బరువంతా గోడల మీదే, కట్టుబడి సున్నంతో అన్నాను. అలాంటివి ఇప్పుడు ఎవరూ ఒప్పుకోరన్నారు. కట్టుబడి సున్నానికి ఐఎస్ 712 అని మన భారతీయ ప్రమాణమే ఉందని చూపిస్తే, ఉద్యోగంలో చేరాక ఎప్పుడూ దాని అవసరం రాలేదని ఆయన నిజాయితీగానే చెప్పారు. అప్పు కోసం వెళ్లిన ఒక బ్యాంకులో పెంకుటిల్లు అనగానే ఫైలు పక్కన పెట్టేశారు. చివరికి రెండెకరాల కొబ్బరితోటలో అర ఎకరం అమ్మి కట్టాను. తక్కువ ఖర్చులో అవుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. కలపకీ, కూలికీ, టైముకీ బాగా అవుతుంది.

అన్నిటికన్నా కష్టమైంది సున్నం పని. రాయి సున్నం పిడుగురాళ్ల నుంచి తెప్పించి, పెరట్లో గుంట తీసి నీళ్లలో వేశాం. వేయగానే కుతకుతా ఉడుకుతుంది, పిల్లల్ని ఆ చుట్టుపక్కలకి రానివ్వకూడదు. మూడు వారాలు నానాక ఇసుక, ఇటుక పొడి కలిపి గానుగ పట్టాలి. ఎద్దు గానుగ ఎక్కడా దొరకలేదు, మోటారు బిగించిన గానుగలో పట్టించాం. కరక్కాయలు, బెల్లం నానబెట్టిన నీళ్లు పోశాం. ఇదంతా చెబితే విని చేయగలిగిందే. చేతిలో ఉండాల్సిన పని వేరే ఉంది. సిమెంటు అరగంట దాటాక బిగుసుకోవడం మొదలవుతుంది, మర్నాటి నుంచి నీళ్లు కొడితే చాలు. సున్నం గాలిని పీల్చుకుంటూ నెలల తరబడి మెల్లగా గట్టిపడుతుంది, ఆ మొదటి రోజుల్లో దాన్ని ఎండకి వదిలేయకూడదు. మా తాపీ కుర్రాడు మంచి పనివాడు, అయినా సిమెంటు అలవాటుకొద్దీ పడమటి గోడకి ఒకేసారి మందంగా మెత్తేశాడు. నాలుగు రోజుల్లో గోడంతా పగుళ్లు. మొత్తం చెక్కేశాం.

అప్పుడు దొరికారు పక్క ఊళ్లో ఒక పెద్ద మేస్త్రిగారు, డెబ్బై దాటిన మనిషి, ఇరవై ఏళ్లుగా ఈ పని ఎవరూ చెప్పలేదట. పలచగా రెండు పొరలు వేయించి, తడి ఆరకముందే చెక్కతో కొట్టించి, పదిహేను రోజులు తడి గోనెపట్టాలు కప్పించారు. ఇప్పటికి మూడు వానాకాలాలు చూసింది ఆ గోడ, గీత పడలేదు. ఆయన కొడుకు హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్లకి సెంట్రింగ్ పని చేస్తున్నాడు.

ఇంత కష్టం ఎందుకని అడుగుతారు. మా దగ్గర రెండు గజాలు తవ్వితే నీళ్లు, దానికితోడు సముద్రం గాలి. గోడలోకి ఎక్కిన తడి సున్నం పూతలోంచి బయటికి ఆరిపోతుంది, సిమెంటు పూత వేస్తే లోపలే ఉండిపోయి ఉప్పు పట్టి పెచ్చులు రాలుతుంది. స్లాబుల్లో ఇనుము తుప్పుపట్టి ఉబ్బి, ముప్పై ఏళ్లకే కింద నుంచి ముక్కలు ఊడుతున్న ఇళ్లు మా వీధిలోనే నాలుగున్నాయి.

తుపానుల సంగతి దాచను. 1996 నవంబరు 6 రాత్రి మా ఊళ్లో పెంకులు ఆకుల్లా ఎగిరిపోయాయి, ఆ రాత్రి మేం మంచం కింద కూర్చున్నాం. స్లాబు మీద జనానికి అంత నమ్మకం కుదిరింది ఆ తరవాతే, అది న్యాయమైన భయం. అందుకే నేను గోడల పైన చుట్టూ కాంక్రీటు పట్టీ ఒకటి పోయించి, వాసాల కింది దూలాన్ని దానికి బోల్టులతో బిగించి, అంచు పెంకుల్ని తీగతో కట్టించాను. అక్కడ సిమెంటు వాడినందుకు నాకేం బాధ లేదు. దొంగలు, పిల్లుల కోసం మండువా మీద ఇనుప గ్రిల్లు కూడా వేయించాను.

వాన పడితే నాలుగు కప్పుల నీళ్లూ మండువాలోకి దిగి, తూము గుండా పెరట్లో కొబ్బరి మొదళ్లకి పోతాయి. వసారాలో కూర్చుంటే జల్లు మొహానికి తగులుతుంది. మొన్న వైశాఖంలో మధ్యాహ్నం కరెంటు పోయినా మా అమ్మ హాయిగా నిద్రపోయింది.

కేరళలో లారీ బేకర్ అనే ఆర్కిటెక్టు ఇటుకని నిలబెట్టి మధ్యలో ఖాళీ వదిలే కట్టుబడితో దాదాపు నాలుగో వంతు ఇటుక ఆదా చేసి చూపించారు. ఆయన కట్టిన ఇళ్లకన్నా నాకు పెద్దగా కనిపించేది ఆ పద్ధతి నేర్చుకున్న మేస్త్రీలు అక్కడ ఉండటం. 1985లో మొదలైన కాస్ట్‌ఫోర్డ్ సంస్థ ఆ పని ఇప్పటికీ చేస్తోంది. మన దగ్గర ఐటీఐల్లో తాపీ పని కోర్సు ఉంది. అందులో సున్నం పనికీ, పెంకు నేయడానికీ నెల రోజులైనా ఇవ్వమని రెండు తెలుగు ప్రభుత్వాలనీ అడుగుతున్నాను. తెలంగాణలో డంగు సున్నం, అంటే గానుగ పట్టిన సున్నం పని తెలిసిన పెద్దవాళ్లు కూడా ఇంకా ఉండే ఉంటారు. చార్మినార్‌కి మరమ్మతు చేయాలన్నా ఆ చేతులే కావాలి కదా. పాఠం చెప్పడానికి డిగ్రీ అడక్కుండా ఆ పెద్దవాళ్లనే పిలిచి, రోజుకి ఇంత అని గౌరవంగా ఇచ్చి, పిల్లల చేత చేయించాలి. ఇది పదేళ్ల తరవాత చేద్దామంటే పిలవడానికి ఎవరూ ఉండరు.

మా గుంటలో ఇంకా సున్నం ఉంది. సంక్రాంతి తరవాత పెరటి గోడ మొదలుపెడుతున్నాం, మేస్త్రిగారు రోజుకి రెండు గంటలు కూర్చుని చూస్తానన్నారు. నేర్చుకోవాలనుకునే తాపీ కుర్రాళ్లు ఎవరైనా ఉంటే రావచ్చు, కూలి మామూలుగానే ఇస్తాను, మధ్యాహ్నం భోజనం మా ఇంట్లోనే.

— రిటైరైన లెక్కల మాస్టారు, రాజోలు ప్రాంతం, కోనసీమ జిల్లా