ఆ హెచ్-ఇండెక్స్ గడి తీసేయండి, మంత్రిగారూ

గౌరవనీయులైన సైన్స్ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మీ శాఖ ఇచ్చే వైద్య పరిశోధన గ్రాంట్ల దరఖాస్తు మొదటి పేజీలోనే మూడు గడులున్నాయి: మొత్తం పరిశోధన పేపర్లు, మొత్తం సైటేషన్లు (ఇతరులు తమ పేపర్లలో వాటిని ఎన్నిసార్లు ఉదహరించారో ఆ లెక్క), హెచ్-ఇండెక్స్. కమిటీ ముందు కట్టలకొద్దీ దరఖాస్తులుంటాయి, చదివే తీరిక ఉండదు. చాలామంది తలరాత ఆ మూడు గడుల దగ్గరే తేలిపోతుంది. వాటిని తీసేయమని అడగడానికే ఈ ఉత్తరం.

హెచ్-ఇండెక్స్‌ని 2005లో హోర్హే హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త ప్రతిపాదించారు. కనీసం పదేసి సైటేషన్లు వచ్చిన పేపర్లు పది ఉంటే, మీ ఇండెక్స్ 10. ఇప్పుడు ఒకావిడ మూడే పేపర్లు రాశారనుకోండి, ఒక్కోదానికీ వెయ్యి సైటేషన్లు. ఆవిడ ఇండెక్స్ 3. ఇంకొకాయన ఓ మోస్తరు పేపర్లు పది రాశారు, ఒక్కోదానికీ పది సైటేషన్లు. ఆయనది 10. మీ ఫారంలో ఆయనే ముందుంటారు. పైగా ఈ అంకె, సైటేషన్లు లెక్కపెట్టే సైట్లలో, గూగుల్ స్కాలర్‌లో ఒకటి చూపిస్తుంది, స్కోపస్‌లో ఇంకొకటి. ఏది రాయాలో ఫారంలో లేదు. సహజంగానే అందరూ పెద్దదే రాస్తారు!

సైటేషన్ అంటే మెచ్చుకోలు అనుకుంటే పొరపాటే. తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా రాకుండా వేసే ఎంఎంఆర్ టీకాకీ ఆటిజానికీ ముడిపెడుతూ ఆండ్రూ వేక్‌ఫీల్డ్ బృందం 1998లో వైద్య జర్నల్ లాన్సెట్‌లో వేసిన పేపర్ని 2010లో ఆ జర్నలే వెనక్కి తీసుకుంది. దానికి సైటేషన్లు బోలెడు. వాటిలో ఎక్కువ భాగం అది తప్పని చెప్పడానికి ఇచ్చినవే, కానీ లెక్కలో అన్నీ ఒకటే. ప్రోటీన్‌ని కొలిచే పద్ధతి మీద ఆలివర్ లౌరీ 1951లో రాసిన పేపర్‌కి మూడు లక్షలు దాటి సైటేషన్లున్నాయి. అదేమీ గొప్ప పేపర్ కాదని ఆయనే ఒప్పుకున్నారు.

బయోకెమిస్ట్ కాటలిన్ కరికో సంగతి ఇంకా ఆలోచించాల్సింది. ఎంఆర్ఎన్ఏ (ఏ ప్రోటీన్ తయారు చేయాలో కణానికి చెప్పే అణువు) పనికి గ్రాంట్లు రాక 1995లో యూనివర్సిటీలో ఆవిడ హోదా తగ్గించారు. డ్రూ వైస్‌మన్‌తో కలిసి చేసిన కీలకమైన పనిని నేచర్ జర్నల్ తిరగ్గొట్టింది. చివరికి 2005లో అది ఇమ్యూనిటీ అనే జర్నల్లో వచ్చింది. అప్పుడు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ఆ పని ఆధారంగా కోవిడ్ టీకాలు వచ్చాకే అందరికీ ఆ పేపర్ గుర్తొచ్చింది. 2023లో ఇద్దరికీ నోబెల్ ఇచ్చారు. 2006లో ఆవిడ మీ ఫారం నింపి ఉంటే ఆ రెండో గడిలో ఏం రాసేవారు? మన దగ్గర అలాంటివాళ్లు ఎంతమంది ఆ మొదటి పేజీ దాటలేకపోయారో ఎవరు లెక్క తీశారు?

అంకెకి విలువ కడితే అంకె తయారవుతుంది. ఒక్క ప్రయోగాన్ని నాలుగు ముక్కలు చేసి నాలుగు పేపర్లు వేస్తారు. ల్యాబ్ గడప తొక్కని పెద్దాయన పేరు రచయితల్లో చేరుతుంది. నన్ను నువ్వు ఉదహరించు, నిన్ను నేను ఉదహరిస్తానని ఒప్పందాలు నడుస్తాయి. డబ్బుకి పేపర్లు వండి పెట్టే మిల్లులూ ఉన్నాయి. హిందావి అనే జర్నళ్ల ప్రచురణ సంస్థ 2023 ఒక్క ఏడాదిలోనే ఎనిమిది వేలకి పైగా పేపర్లు వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది.

అంకెలు తీసేస్తే సిఫార్సులదే రాజ్యమంటారని తెలుసు. ఆ భయం ఊరికే పుట్టలేదు, నాకూ ఉంది. అందుకే ఒక పద్ధతి అడుగుతున్నాను. దరఖాస్తుదారు తన మంచి పేపర్లు ఐదు మాత్రమే ఇవ్వాలి. ఒక్కోదానిలో తాను స్వయంగా చేసిన పనేమిటో నాలుగు వాక్యాల్లో రాయాలి. ఫలితం రాలేదని నిజాయితీగా చెప్పిన పేపరైనా అందులో ఉండొచ్చు. కమిటీలో ఇద్దరు వాటిని చదివి, తమ అభిప్రాయాన్ని సంతకంతో రాసి దరఖాస్తుదారుకి పంపాలి. సిఫార్సు మీద మార్కులేసినవాళ్లు ఆ కాగితం మీద ఏం రాస్తారో చూద్దాం. ఇదేమీ కొత్త కోరిక కాదు. జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (ఒక జర్నల్లోని పేపర్లకి సగటున వచ్చే సైటేషన్ల లెక్క)‌ని బట్టి మనిషిని అంచనా వేయొద్దని 2012లో శాన్ ఫ్రాన్సిస్కోలో మొదలైన డోరా అనే పరిశోధన మూల్యాంకన ప్రకటన కూడా, పేపర్లో ఏముందో చూడమనే చెబుతోంది.

చదవడానికి టైమ్ పడుతుంది, నిజమే. కమిటీ సభ్యుల సంఖ్య పెంచండి, వాళ్లు చదివిన గంటలకి డబ్బివ్వండి. వచ్చే నోటిఫికేషన్ లోపు ఫారం మార్చమని మనవి.

ఇట్లు,
ఒక జీవవైద్య పరిశోధకుడు